అట్ట వెనకాల పది పేర్లు

మిట్టమధ్యాహ్నం... పన్నెండు గంటలు!

సూర్యుడు నడినెత్తిన మండాల్సిన వేళ ఆకాశానికి కాటుక పూసినట్టు మేఘాలు కమ్ముకున్నాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము మీద ఉరుము... పాత కచేరీ భవనం కిటికీ అద్దాలు గడగడలాడాయి. పట్టపగలు ఎక్కడి నుంచో ఒక గుడ్లగూబ వచ్చి చూరు కింద వాలింది. మూడుసార్లు కూసింది. అర్ధరాత్రికి ఉన్నంత చెడ్డపేరు మధ్యాహ్నానికి లేదు గానీ, క్షుద్రోపాసకులకు గడియారంలోని రెండు పన్నెండులూ ఒకటే.

ఆ భవనం నేలమాళిగలో రికార్డు గది ఉంది. అక్కడ ఒకావిడ చేతులకు తెల్లటి నూలు తొడుగులు వేసుకుని, పాత ఉత్తరం మీది దుమ్మును మెత్తటి కుంచెతో తుడుస్తోంది. ఉరుములకు ఆవిడ తల కూడా ఎత్తలేదు. ఉరిమితే వాన, వానొస్తే తేమ, తేమొస్తే బూజు... ఉరుము గురించి ఆవిడ ఆలోచన అంతవరకే.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. చిరిగిన దస్తావేజుకు పల్చటి కాగితం అతికించడం, వెలిసిపోతున్న ఫోటోను వెలుతురు తగలని పెట్టెలో దాచడం. కచేరీలో అందరూ ఆవిడను అతుకులక్క అంటారు. పై అంతస్తు పెద్ద గుమస్తా ఎగతాళికి పెట్టిన పేరది. ఆయన సొంత సర్వీసు పుస్తకాన్ని చెదలు తినేసినప్పుడు ముక్కలు ఏరి అతికించి ఇచ్చాక, ఆయన కూడా గౌరవంగానే పిలవడం మొదలుపెట్టాడు.

ఆవిడకొక పట్టుదల ఉంది. ఆ గదిలోకి వచ్చిన ఏ కాగితమైనా, ఏ ఫోటో అయినా రిజిస్టరుకెక్కకుండా గడప దాటకూడదు. ఫోటో వెనకాల మెత్తని పెన్సిలుతో వివరాలన్నీ రాయాలి. సిరాతో రాస్తే అది ముందు వైపుకి ఊరి బొమ్మను తినేస్తుంది కాబట్టి పెన్సిలే వాడాలి. రిజిస్టరులో ఒక్క గడి ఖాళీగా మిగిలినా ఆవిడకు నిద్ర పట్టదు.

మూడు వారాలుగా గడులన్నీ నింపినా నిద్ర పట్టడం లేదు. దానికి కారణం ఇంట్లో ఉంది.

ఆవిడ చెల్లెలు ఇరవై ఏళ్ళుగా సినిమా హాల్లో టికెట్లు ఇస్తోంది. ఆ కిటికీ వెనక నవ్వే మొహం ఎరగని వాళ్ళు ఊళ్ళో లేరు. అలాంటి మనిషిని మూడు వారాల కిందట పక్కింటావిడ మెట్ల మీద ఆపి, "ఎవరండీ మీరు? ఎవరింటికి?" అని అడిగింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ పూటకి నవ్వుకున్నారు. మర్నాడు హాలు మేనేజరు గుర్తుపట్టలేదు. ఆ తర్వాత అద్దంలో కనుబొమలు, పెదవులు, గడ్డం మీది పుట్టుమచ్చ ఎండలో వదిలేసిన గుడ్డలా ఒక్కొక్కటే వెలిసిపోవడం మొదలైంది.

అంతటితో ఆగితే బాగుండేది! రోజూ మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే చెల్లెలు జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు పైకి తిప్పి, తొమ్మిది వేరువేరు గొంతులతో ఆక్రోశిస్తోంది. ఆ గొంతుల్లో మగవీ ఉన్నాయి, ఆడవీ ఉన్నాయి, వణికే ముసలివీ ఉన్నాయి. అన్నీ అడిగేది ఒకటే... "నా పేరేంటి? నా పేరేంటి?"

డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. అవి వేసుకుని చెల్లెలు పడుకునేది. అక్క కుర్చీలో కూర్చుని ఆ మొహంలో ఇవాళ ఏం తగ్గిందో చూస్తూ తెల్లవార్లూ గడిపేది.

అదిగో... మెట్ల మీద అడుగుల చప్పుడు. నెమ్మదిగా, చెమ్మగా... ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చాడు గొడుగు పెద్దాయన.

మూడు నెలలుగా పాత రిజిస్టర్లు చదువుకోవడానికి వస్తున్న మనిషి. నేలమాళిగలో కూడా తెరిచిన గొడుగు ముడవడు. కళ్ళకు వెలుతురు పడదంటాడు. జనన రిజిస్టర్లు, బడి హాజరు పట్టీలు, ఉద్యోగుల జాబితాలు తెప్పించుకునేవాడు. ఆయన వెళ్ళాక వాటిలో కొన్ని పేజీలు కనిపించేవి కావు. అతుకులక్క పురుగుల మీద అనుమానపడి, బీరువాలన్నీ దులిపి మందు పెట్టింది.

ఆయన బల్ల మీద ఒక పొట్లం విప్పాడు. లోపల దళసరి అట్టకు అతికించిన గ్రూపు ఫోటో. ముందు కుర్చీల్లో ఐదుగురు, వెనక నిలబడి ఐదుగురు. తొమ్మిది మెడల మీద మొహాలు లేవు! తెల్లటి మరకలు మాత్రమే ఉన్నాయి. వెనక వరుసలో ఎడమ నుంచి నాలుగో మనిషికి ఒక్కడికే మొహం ఉంది. అది ఎదురుగా నిలబడ్డ పెద్దాయన మొహమే. ఫోటోలో ఆ బుగ్గ మీద బూజు మచ్చ ఉంది. గొడుగు నీడలోని బుగ్గ మీద కూడా సరిగ్గా అక్కడే, అంతే మచ్చ! మామూలుగా తేదీ రాసిన పలక పెట్టే చోట, కాళ్ళ ముందు, ఒక కపాలం పళ్ళికిలిస్తోంది.

"దీన్ని బాగుచెయ్యాలి" అన్నాడు.

"చీటీ రాయించుకోండి. మీ ముందు పదహారు ఉన్నాయి. రెండు నెలలు పడుతుంది."

"సాయంత్రానికి కావాలి."

"అందరికీ సాయంత్రానికే కావాలండీ" అంది అతుకులక్క, తన ఉత్తరం తను తుడుచుకుంటూ.

పెద్దాయన నవ్వి, చొక్కా లోపలి నుంచి ఇంకో ఫోటో తీశాడు. ఆవిడ చేతిలోని కుంచె జారి కింద పడింది. అది చెల్లెలి ఫోటో. పోయిన వానల్లో ఇంటి పైకప్పు కారితే, ఇంట్లో ఫోటోలు పాడైపోతాయని ఆఫీసుకు తెచ్చి బీరువాలో దాచుకున్న వాటిలో ఒకటి. అందులో చెల్లెలి మొహం సగానికి పైగా వెలిసిపోయి ఉంది.

"వెనక ఎంత చక్కగా రాశావో" అన్నాడాయన, ఫోటో తిరగేసి. "పేరు, పుట్టిన తేదీ, గంట, నిమిషం, తల్లి పేరు... ఒక మనిషిని పట్టడానికి మావాళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతారు. నువ్వు అన్నీ ఒకచోట రాసి బీరువాలో పెట్టావు."

అతుకులక్క తన అక్షరాలను చూసింది. గడి ఖాళీగా ఉంచకూడదని, ఆసుపత్రి కాగితం పక్కన పెట్టుకుని మరీ నింపింది తనే! చెల్లెలిని తన చేత్తో తనే పట్టించింది.

ఆయన జేబులోంచి బూడిద తీశాడు. చింపుకుపోయిన రిజిస్టరు పేజీల బూడిద! బల్ల మీద గుండ్రంగా గీత గీసి, మధ్యలో చెల్లెలి ఫోటో పెట్టి, దాని మీదకు బల్లదీపం వంచాడు. స్విచ్చి వెయ్యకుండానే దీపం భగ్గున వెలిగింది. ఆవిడ చెయ్యి చాపి ఫోటో లాగబోయింది. గీత దాటగానే నూలు తొడుగు మాడి, వేళ్ళు కాలాయి.

అప్పుడే బల్ల మీది టెలిఫోను మోగింది.

"అక్కా... గదిలో ఎవరో పెద్ద లైటు వేశారు. కళ్ళు కనిపించడం లేదక్కా..." చెల్లెలి గొంతు అంతలోనే తెగిపోయింది. ఆ వెంటనే తొమ్మిది గొంతులు ఒక్కసారిగా... "నా పేరేంటి? నా పేరేంటి?"

"నాలుగు గంటలకు ఆ ఫోటో తెల్లకాగితం అయిపోతుంది" అన్నాడు పెద్దాయన. "ఆలోపు నాది బాగుచేస్తే దీపం ఆర్పుతాను. ఆ బొమ్మలో ఉన్నాను కాబట్టే ఇన్నాళ్ళూ ఇలా ఉన్నాను. అది చెడితే నేను చెడతాను. నేను చస్తానేమోనని మాత్రం ఆశపడకు. ఏ రిజిస్టరులోనూ లేనివాణ్ణి చావు ఎక్కడని వెతుకుతుంది? నా పేరున్న ప్రతి కాగితాన్నీ కాల్చేశాను."

ఆయన మూలనున్న కుర్చీలో, గొడుగు కింద, దీపానికి దూరంగా కూర్చుని మంత్రం మొదలుపెట్టాడు. సంచిలోంచి నిజమైన కపాలమొకటి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గది గాలి గడ్డకట్టింది. గోడల్లోంచి మూలుగులు... బీరువాల తలుపులు వాటంతటవే టపటప కొట్టుకోసాగాయి.

ఇంకెవరైనా అయితే గుండె ఆగి పడిపోయేవారు. అతుకులక్కకు భయపడే ఓపిక కూడా లేదు. మూడు వారాల నిద్రలేమి కళ్ళ మీద రాయిలా కూర్చుంది. ఫోను పెట్టేయడానికి మనసొప్పక, దాన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఫోటో ముందుకు లాక్కుంది.

బుగ్గ మీది బూజును పొడి కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క పోగే తీసింది. తీస్తూ తీస్తూ ఆగింది. ముందు వరుసలో మొదటి కుర్చీలోని మొహం లేని మనిషికి గడ్డం మీద ఏదో చుక్క కనిపించింది. భూతద్దం పెట్టి చూసింది. పుట్టుమచ్చ! చెల్లెలి పుట్టుమచ్చ, చెల్లెలి గడ్డం... ఆ తెల్లటి మరకలో కొద్దికొద్దిగా తేలుతున్నాయి.

అంటే వీడు దీపం ఆర్పడు. తొమ్మిది మొహాలనూ తినేశాడు, పదోదిగా చెల్లెలిని తింటున్నాడు. ఆ సంగతి అర్థమయ్యాక ఆవిడకు ఏడుపు రాలేదు. చాలా అలసటగా మాత్రం అనిపించింది. ఇంకా ఎంత పని ఉందో అనిపించింది.

"అట్ట ఊడదియ్యాలి" అంది.

మంత్రం ఆగింది. "వద్దు. అట్ట ముట్టుకోకు."

"బూజు ముందు నుంచి రాలేదండీ. అట్టకు పూసిన పిండి జిగురు లోంచి వస్తోంది. పైన తుడిచి ఇస్తాను, తీసుకెళ్ళండి. వచ్చే వానలకి ఈ బుగ్గా ఉండదు, రెండో బుగ్గా ఉండదు. మీ ఇష్టం."

ఆయన చెయ్యి తెలియకుండానే తన బుగ్గ మీదకు పోయింది. బూజు భయం ముందు ఎంతటి మాంత్రికుడైనా మామూలు మనిషే. చివరికి తలూపాడు.

ఫోటోను మెత్తటి కాగితం మీద బోర్లా పడుకోబెట్టి, పల్చటి కత్తితో అట్టను వెనక నుంచి పొర తర్వాత పొర ఒలవసాగింది. తొందరపడితే ఫోటో చిరుగుతుంది. ఒంటిగంట... రెండు... మూడు. చెవిలో తొమ్మిది గొంతులు ఒకే ప్రశ్న అడుగుతూనే ఉన్నాయి. వాటి అడుగున చెల్లెలి ఊపిరి సన్నబడుతోంది. బయట కుండపోతగా వాన. చూరు కింద గుడ్లగూబ ఇంకా కూస్తూనే ఉంది.

మూడున్నరకు చివరి పొర లేచింది. దాని కింద, ఫోటో వీపు మీద, మెత్తని పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు!

'ఈ కచేరీ సిబ్బంది. కూర్చున్నవారు, ఎడమ నుంచి...' ఆ వెంటనే పది పేర్లు. పేరు పక్కన ఉద్యోగం, వయసు. కింద సంవత్సరం. అట్టకు అతికించక ముందే ఆ ఫోటోగ్రాఫరు ఎవరో అన్ని వివరాలూ రాసి పెట్టుకున్నాడు. నూటపది ఏళ్ళ కిందటి మనిషి, అతుకులక్కలాంటి మనిషి.

తొమ్మిదో పేరు పక్కన ఉద్యోగం చదివి ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. రికార్డు కీపరు, వయసు నలభై ఒకటి. ఇదే గదిలో తనలాగే కూర్చున్నవాడు! కాగితాలను కాపాడమని కూర్చోబెడితే వాటిని కాల్చుకుంటూ బతికినవాడు! వాడు ముందు వైపే చూసుకున్నాడు తప్ప, అట్ట వెనకాల ఏముందో వందేళ్ళలో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

అలవాటుగా ఎడమ చేతి పక్కనే తెరిచి ఉంది ఫోటోల రిజిస్టరు.

నంబరు వేసింది. తొమ్మిదో పేరు ముందు రాసేస్తే పోయేది. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళ చెయ్యి కదా, మాట వినలేదు. ఎడమ నుంచి మొదటి పేరే రాసింది.

చెవిలో ఒక వణికే ముసలి గొంతు ఆగింది. "అదే... అదేనమ్మా నా పేరు" అని, హాయిగా ఒక్క నిట్టూర్పు విడిచి మాయమైంది.

రెండో పేరు. ఇంకో గొంతు మాయమైంది. మూడు. నాలుగు.

"ఏం రాస్తున్నావు?"

"జిగురు పాళ్ళు" అంది అతుకులక్క తలెత్తకుండా. ఐదు. ఆరు.

మూల నుంచి దగ్గు వినిపించింది. పెద్దాయన చేతుల మీద చర్మం ముడతలు పడింది. జుట్టు కుదుళ్ళ నుంచి తెల్లబడుతోంది. తిన్న ఏళ్ళన్నీ ఒక్కొక్కటే కక్కుకుంటున్నాడు! సంగతి అర్థమై వికృతంగా కేక పెట్టాడు. ఒళ్ళోని కపాలాన్ని పైకెత్తి గోడకేసి కొట్టాడు. ఫెళ్ళున పిడుగు! భవనమంతా కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి...

బూడిద గీతలోని దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. వాడు వెలిగించినదే. ఆ వెలుతురులోనే ఆవిడ ఏడో పేరు రాసింది. ఎనిమిదో పేరు రాసింది.

"ఆపు! నీ వంశం లేకుండా చేస్తాను... నీ కళ్ళు పీకి..." గొడుగు విసిరేసి వాడు బల్ల మీదికి దూకి, ఆవిడ మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. పెన్సిలు మొన పుటుక్కున విరిగింది.

దీపకాంతిలో వాడి మొహం ధగధగ మెరిసింది, తగరపు రేకులా. వాడు పళ్ళు బయటపెట్టి నవ్వాడు. గడియారం నాలుగు కావడానికి రెండు నిమిషాలు. ఫోనులో చెల్లెలి ఊపిరి వినిపించడం లేదు.

"నాయనా, ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్ని మొనలు విరిగాయనుకున్నావు" అంది ఆవిడ నీరసంగా.

రెండో చెయ్యి ముడిలోకి పోయింది. పనిలో మొన విరిగితే లేవక్కర్లేకుండా ఎప్పుడూ జుట్టుముడిలో గుచ్చుకునే రెండో పెన్సిలు బయటికొచ్చింది. ఎడమచేత్తో, వంకరటింకర అక్షరాలతో, తొమ్మిదో పేరు పూర్తిగా రాసింది. ఉద్యోగం. వయసు. సంవత్సరం.

నూటపది ఏళ్ళు ఒక్కసారిగా వాడి మీద పడ్డాయి!

చర్మం పసుపురంగుకి తిరిగి, ఆపై గోధుమరంగుకి మారి, అంచుల నుంచి పెళుసుగా విరిగింది. అరవడానికి నోరు తెరిస్తే దవడ మడత దగ్గర చిట్లింది. ఎక్కడెక్కడి నుంచో వెండిరంగు పురుగులు బారులు తీరి వచ్చాయి, ఇన్నాళ్ళూ వాటి మీద పడ్డ నిందకు కసి తీర్చుకోవడానికన్నట్టు. ఆవిడ మణికట్టును పట్టుకున్న వేళ్ళు పొడిపొడిగా రాలిపోయాయి. బల్ల మీద, నేల మీద, పాత బీరువా అడుగున ఊడిస్తే వచ్చేలాంటి కాగితపు పొట్టు మిగిలింది... అంతే!

దీపం ఆరిపోయింది. ఫోనులో ఒక్క గొంతు మాత్రం ఇంకా భయంభయంగా అడుగుతోంది. "మరి నాదో?"

అతుకులక్క చీకట్లో తడుముకుని టార్చి వెలిగించింది. పదో పేరు కచేరీలో కుండలు నింపే నీళ్ళావిడది. ఊరంతా నీళ్ళావిడ అనే పిలిచి ఉంటారు. ఆ ఫోటోగ్రాఫరు మాత్రం ఆమెను అసలు పేరు అడిగి రాసుకున్నాడు. అతుకులక్క దాన్ని గుండ్రంగా, అందంగా రిజిస్టరులోకి ఎక్కించింది. ఆ గొంతు కూడా వెళ్ళిపోయింది.

ఆవిడ ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది.

"అక్కా" అంది చెల్లెలు, నిద్ర మత్తుతో. "ఫోను పట్టుకుని నేల మీద ఎందుకు కూర్చున్నాను నేను?"

"ఏం లేదమ్మా. నేనే చేశాను. ఎలా ఉన్నావో కనుక్కుందామని."

"ఆకలేస్తోంది. ఇక్కడ కుంభవృష్టి. గొడుగు తీసుకెళ్ళావా?"

నేల మీద తెరిచి పడున్న గొడుగు వైపు చూసింది అతుకులక్క. "ఒకటుంది గానీ, అది వద్దులే. తడుస్తూ వస్తాను."

గ్రూపు ఫోటోను వెల్లకిలా తిప్పింది. తొమ్మిది మొహాలు, ఎవరి మొహం వాళ్ళకి, ఫోటో తీయించుకునే రోజు పడే బిగువుతో సహా తిరిగొచ్చాయి. వెనక వరుసలో నాలుగో మెడ మీద తెల్లటి మరక. కాళ్ళ ముందు కపాలం లేదు, సంవత్సరం రాసిన పలక ఉంది. రిజిస్టరులో 'స్థితి' అనే గడి ఒక్కటి ఖాళీగా కనిపించింది. రాసింది: 'తొమ్మిదో వ్యక్తి పూర్తిగా చెడిపోయాడు. బాగుచేయడం సాధ్యం కాదు.'

చెల్లెలి ఫోటో మాత్రం వెలిసిపోయినట్టే ఉంది. కాంతి తిన్న బొమ్మ తిరిగి రాదని ఆవిడకు తెలియనిది కాదు. కళ్ళు మిగిలాయి, నవ్వు చివర మిగిలింది. ఫోటో తిరగేసి రబ్బరు చేతిలోకి తీసుకుంది. పేరు, తేదీ, గంట, తల్లి పేరు... తుడిచేస్తే మళ్ళీ ఎవడూ పట్టలేడు. రబ్బరు కాగితానికి ఆనింది. తన పేరు కోసం నీళ్ళావిడ వందేళ్ళు ఏడ్చిన గొంతు గుర్తొచ్చింది. రబ్బరు సొరుగులో పడేసి, ఫోటోను కవరులో పెట్టి, ఈసారి బీరువాకు తాళం వేసింది.

పొట్టంతా ఊడ్చి ఎత్తి, ఇంటికి చేరేసరికి చీకటి పడబోతోంది. ఒంటి మీద పొడి నూలుపోగు లేదు. మూడో మెట్టు దగ్గర పక్కింటావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏవండీ, మీ చెల్లెలు ఇందాకే వచ్చి నా బకెట్ పట్టుకుపోయింది. పైన కారుతోందట. పోయినసారి తీసుకెళ్ళినదే ఇంకా ఇవ్వలేదు. మీరైనా కాస్త చెప్పండి."

అతుకులక్క ఆవిడ మొహంలోకి చూసింది. "ఎవరు పట్టుకెళ్ళారన్నారు?"

"ఎవరేంటి, మీ చెల్లెలండీ. రోజూ చూసే మనిషిని ఆ మాత్రం గుర్తుపట్టనా?"

తడి చీరతో ఆ మెట్టు మీదే కూలబడి, మూడు వారాల నుంచి దాచుకున్నదంతా ఒక్కసారిగా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చేసింది అతుకులక్క.

పక్కింటావిడ కంగారుపడి పక్కన చతికిలబడింది. "అయ్యో, ఒక్క బకెట్ కోసం అంత బాధపడతారేంటండీ... మెల్లగా ఇద్దురు గానీ లెండి."